నలుపు తెలుపు ఛాయాచిత్రములకు ప్రింటరును, సిరాను ఎన్నుకొనుట ఎట్లు?

మన ఇండ్ల గోడలపై వ్రేలాడు పాత పటములను ఒకసారి పరికించి చూడుడు. తాతగారి పెండ్లినాటి నలుపు తెలుపు చిత్రము యాభై, అరువది సంవత్సరములు గడచినను పోలికలు స్పష్టముగా తెలియునట్లే యుండును. దాని ప్రక్కనే ఇటీవల ఇంటి ప్రింటరుపై రంగులలో తీసిన చిత్రము నాలుగైదు సంవత్సరములకే వెలవెలబోయి, మొగములు ఎరుపెక్కి కనిపించుచుండును. శాస్త్రము ముందుకు సాగిన కొలదియు చిత్రముల ఆయువు తగ్గినదా యను సందేహము చూపరులకు కలుగుట సహజము. ఈ సందేహమునకు సమాధానము సిరాలో ఉన్నది. ఏ పదార్థముతో చిత్రము ఏర్పడినదో దానినిబట్టియే దాని అందమును, ఆయువును నిర్ణయింపబడును.

హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో ఛాయాచిత్రకారుడుగా నుండిన రాజా దీన్‌దయాళ్ 1844లో జన్మించి 1905లో మరణించెను. ఆ కాలమున కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై వెండి లవణములతో చిత్రములను ముద్రించెడివారు. ఆయన తీసిన చిత్రములు నేటికిని మనకు దక్కియున్నవి. తరువాత జెలటిను పూసిన కాగితములు వచ్చినవి. మన పట్టణములలోని స్టూడియోలలో చీకటిగదులు వెలసినవి. నేడు ఆ చీకటిగదులు దాదాపు మూతపడినవి. ఫోనుతో చిత్రము తీయుట, ప్రింటరుతో అచ్చొత్తుట నిత్యకృత్యములైనవి.

అనకాపల్లికి చేరువనే శంకరము గ్రామమున బొజ్జన్నకొండ, లింగాలకొండ అను బౌద్ధ క్షేత్రములు కలవు. కొండరాతినే తొలిచి మలచిన స్తూపములు అక్కడ వరుసలు వరుసలుగా నిలిచియున్నవి. ఇట్టి రాతిపనిని చూపుటకు నలుపు తెలుపు చిత్రమే మిక్కిలి తగినది. రంగులు లేనందున చూపు వెలుగునీడలమీదను, రాతి గరుకుమీదను నిలుచును. విద్యార్థులు అక్కడికి పోయి చిత్రములు తీసి, పాఠశాల ప్రదర్శనకు సాధారణమైన రంగుల ప్రింటరుపై అచ్చొత్తినచో, బూడిదరంగు రాయి కొంచెము ఆకుపచ్చగానో గులాబిరంగుగానో కనిపించును. నీడలలోని వివరములు ముద్దకట్టును. కెమెరాలో దోషము లేదు. ఆ ప్రింటరు నలుపు తెలుపు పనికి ఏర్పడినది కాదు, అంతే. ఏది అందుకు ఏర్పడినదో తెలిసికొనవలెనన్న ముందుగా యంత్రము పనిచేయు తీరును చూతము.

వెండి చేసిన పని

చీకటిగదిలో తయారైన చిత్రమునందు నలుపును కలిగించునది సిరా కాదు, లోహపు వెండి. వెలుగు సోకినచోట వెండి లవణములు, డెవలపరు ద్రవములో మునిగినప్పుడు, సూక్ష్మమైన వెండి రేణువులుగా మారును. వెలుగు ఎక్కువ సోకినచోట రేణువులు దట్టముగను, తక్కువ సోకినచోట పలుచగను ఏర్పడును. ఈ రేణువులు మిక్కిలి చిన్నవి. కావున తెలుపునుండి నలుపు వరకు గల ఛాయలన్నియు అతుకు లేకుండ ఒకదానిలో ఒకటి కలిసిపోవును. పైగా ఈ ఛాయ లన్నిటికిని కారణము ఒకే పదార్థము. ఆ కారణమున చిత్రమంతటను ఒకే వన్నె యుండును.

మంచి నలుపు తెలుపు చిత్రమునకు ఉండవలసిన మూడు లక్షణములు ఇందే కలవు. ఛాయలు అతుకులేక సాగవలెను. వన్నె అంతటను ఒక్కటిగా నుండవలెను. కాలమునకు నిలువవలెను. ప్రింటరును ఎన్నుకొనునప్పుడు ఈ మూడింటినే గీటురాయిగా పెట్టుకొనవలెను.

బిందువులను చిమ్ము యంత్రము

ఇంకుజెట్ ప్రింటరు సిరాను మిక్కిలి చిన్న బిందువులుగా కాగితముపైకి చిమ్మును. ద్రవపుధార బిందువులుగా ఎట్లు విడిపోవునో రేలీ ప్రభువు 1878లోనే గణితరీత్యా వివరించెను. ఆ సూత్రముపై ఆధారపడి ఎల్మ్‌క్విస్ట్ అను శాస్త్రజ్ఞుడు సిరాధారతో రేఖలను గీయు యంత్రమునకు 1951లో పేటెంటు పొందెను. కావలసినప్పుడు ఒక్కొక్క బిందువునే విడుదల చేయుట తరువాతి మెట్టు. నేడు ఇందుకు రెండు పద్ధతులు వాడుకలో నున్నవి.

మొదటిది వేడిమి పద్ధతి. సన్నని గొట్టములో సిరా నిలిచియుండును. దాని ప్రక్కన ఉన్న చిన్న తాపక ఫలకము క్షణములో లక్షవవంతు కాలమున సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కును. సిరా ఆవిరియై బుడగ పుట్టును. ఆ బుడగ ముందున్న సిరాను బయటికి నెట్టును. జపానులో కానన్ సంస్థకు చెందిన ఒక పరిశోధకుడు 1977లో వేడిగానున్న టంకపుకమ్మి సిరాతో నిండిన సూదికి తగిలినప్పుడు సూది మొననుండి సిరా చిమ్ముటను గమనించెననియు, ఈ పద్ధతికి అదియే మూలమనియు ఆ సంస్థ చెప్పుచున్నది. కానన్, హెచ్‌పి ప్రింటర్లు ఈ పద్ధతిని అనుసరించును.

రెండవది స్ఫటిక పద్ధతి. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో స్ఫటికము ఆకారము మారవలెనని లిప్‌మన్ 1881లో ఊహించెను. అది నిజమని వెంటనే ఋజువైనది. ఈ లిప్‌మన్‌కే రంగుల ఛాయాగ్రహణ పద్ధతికి 1908లో నోబెల్ బహుమానము లభించినది. స్ఫటికపు పొర వంగినప్పుడెల్ల ఒక సిరాబిందువు బయటికి వచ్చును. ఎప్సన్ ప్రింటర్లలో పనిచేయునది ఇదియే. ఇందు సిరాను మరిగింపరు. కావున పలు విధముల సిరాలను ఈ యంత్రములలో వాడుటకు వీలగును.

బిందువు పరిమాణమును పికోలీటర్లలో చెప్పుదురు. లీటరులో లక్షకోట్లవ వంతు ఒక పికోలీటరు. 4 పికోలీటర్ల బిందువు గోళాకారమున ఉన్నదనుకొని లెక్కించినచో దాని వ్యాసము సుమారు 20 మైక్రాన్లు వచ్చును. తలవెండ్రుక మందములో ఇది మూడవవంతునకు మించదు. ఒక మిల్లీలీటరు సిరాలో ఇట్టి బిందువులు 25 కోట్లు. విద్యార్థులు ఈ రెండు లెక్కలను స్వయముగా చేసి చూడవచ్చును.

నల్లసిరా ఒక్కటే చాలదా?

నలుపు తెలుపు చిత్రమునకు నల్లసిరా ఒక్కటే చాలునని తోచవచ్చును. బిందువులను దట్టముగ చల్లినచో నలుపు, పలుచగ చల్లినచో బూడిదరంగు రాదా? వచ్చును, కాని నునుపు తప్పును. తెల్లని బట్టపై నల్లనువ్వులను పలుచగ చల్లి చూడుడు. బట్ట బూడిదరంగుగా కనిపింపదు, చుక్కలు చుక్కలుగా కనిపించును. అదే పొట్టు తీసిన తెల్లనువ్వులను చల్లినచో దూరమునకు చుక్కలు తెలియవు. చిత్రములోని ఆకాశము, చెక్కిలి, తెల్లపంచె వంటి లేతభాగములలో జరుగునది ఇదియే. నల్లసిరా ఒక్కటే వాడినచో అచ్చట ఇసుక చల్లినట్లుండును.

ఈ లోపమును కప్పుటకు సాధారణమైన రంగుల ప్రింటరు మరియొక ఉపాయము పన్నును. లేతనీలము, గులాబి, పసుపు సిరాలను సమపాళ్లలో కలిపి బూడిదరంగును సృష్టించును. సమపాళ్లు కుదిరినంతవరకు బాగుగనే యుండును. అయితే మన కన్ను బూడిదరంగులోని స్వల్పమైన వన్నెమార్పును కూడ ఇట్టే పసిగట్టును. ఎర్రచీర ఎరుపు కొంచెము తగ్గినను గమనింపని కన్ను, బూడిదరంగులో కొద్దిపాటి ఆకుపచ్చ చేరినను పట్టుకొనును. ఒక సిరాకు పాలు రవంత హెచ్చినచో చిత్రమంతయు ఆ వన్నె తిరుగును.

ఇంతకంటె చిక్కైనది మరియొకటి కలదు. ఎండలో శుద్ధమైన బూడిదరంగుగా కనిపించిన చిత్రమే ఎల్ఇడి దీపము క్రింద గులాబిరంగు తిరుగవచ్చును, ట్యూబులైటు క్రింద పచ్చబారవచ్చును. ఎండలో అన్ని రంగుల కిరణములును క్రమముగా కలిసియుండును. కృత్రిమ దీపములలో కొన్ని రంగులు హెచ్చుగను, కొన్ని తక్కువగను ఉండును. మూడు రంగులను కలిపి చేసిన బూడిదరంగు కొన్ని తరంగదైర్ఘ్యములను ఎక్కువగా, కొన్నిటిని తక్కువగా ప్రతిఫలింపజేయును. కావున దీపము మారిన కొలదియు వన్నె మారును. వస్త్రదుకాణములో ఒక తీరున కనిపించిన చీర వీధిలోనికి వచ్చినంతనే వేరుగ కనిపించుట మనకు క్రొత్త కాదు గదా.

ఈ రెండు చిక్కులకును మందు బూడిద సిరాయే. నల్లసిరాతో పాటు దానినే పలుచన చేసిన బూడిద సిరాను, ఇంకను పలుచనైన లేతబూడిద సిరాను యంత్రములో ఉంచినచో, లేతభాగములలో లేతచుక్కలే పడును. ఇసుకదనము పోవును. రంగుసిరాల పని నామమాత్రమగును. దీపము మారినను వన్నె అంతగా మారదు. ఎప్సన్ సంస్థ 2005లో ఈ పద్ధతిపై మూడు నలుపుల సిరాలను ప్రవేశపెట్టినది. అంతకు కొన్ని సంవత్సరములకు పూర్వమే అమెరికాలో జాన్ కోన్ అను ముద్రాపకుడు రంగుల సిరాలను పూర్తిగా తీసివేసి, ఆ స్థానములలో వేర్వేరు చిక్కదనముగల బొగ్గుసిరాలను మాత్రమే నింపు పద్ధతిని ప్రచారము చేసెను. అట్లు మార్చిన యంత్రము మరి రంగుల పనికి రాదు. ఒక్క పనికే అంకితమైన స్టూడియోలకు అది తగును గాని పాఠశాలకు తగదు.

కరగు సిరా, కరగని సిరా

సిరాలు రెండు జాతులు. దుకాణములలో డై ఇంకు అని పిలుచునది నీటిలో పూర్తిగా కరగిన రంగు. పంచదార పానకము వంటిది. పిగ్మెంటు ఇంకు అనునది నీటిలో కరగని రంగుపొడి సన్నని రేణువులుగా తేలియాడు ద్రవము. పసుపు కలిపిన నీరు వంటిది. అయితే ఈ రేణువులు పసుపు రేణువులకంటె ఎన్నోరెట్లు చిన్నవి, మైక్రానులో పదియవ వంతు మాత్రమే యుండును.

కరగిన రంగులో ప్రతి అణువును విడిగా నుండును. వెలుగులోని అతినీలలోహిత కిరణములును, గాలిలోని ఓజోనును, తేమయును నేరుగా ఆ అణువును తాకును. అణువులోని ద్విబంధములు తెగినంతనే రంగు నశించును. తరచుగా నీలిరంగు ముందుగ పోవుటచే చిత్రము ఎరుపెక్కును. పిగ్మెంటు రేణువులో వేలకొలది అణువులు గుంపుకట్టి యుండును. పై వరుస దెబ్బతిన్నను లోపలివి నిలుచును. కోటగోడవలె పైపొర లోపలిపొరను కాచును.

పిగ్మెంటులలో నలుపునకు వాడునది సాధారణముగా కర్బనపు మసి. ఇది మనకు చిరపరిచితమే. మన పూర్వులు గంటముతో తాటాకుపై అక్షరములను గీచి, ఆపై దీపపుమసిని నూనెతోనో ఆకుపసరుతోనో కలిపి పూసి తుడిచెడివారు. గీతలలో మసి నిలిచి అక్షరములు నల్లగా తేలెడివి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయము వంటి చోట్ల భద్రపరచిన తాళపత్రములలో ఆకు పెళుసెక్కి విరుగవచ్చును, పురుగు తినవచ్చును గాని మసిమాత్రము వెలియదు. కర్బనము వెలుగునకు చెక్కుచెదరదు, నీటిలో కరగదు, ఓజోనునకు లొంగదు. నేటి ఖరీదైన బూడిద సిరాలోని ముఖ్య పదార్థము ఆనాటి దీపపుమసికి చుట్టమే.

అయితే శుద్ధమైన మసిని పలుచన చేసినచో కొంచెము గోధుమవన్నె కలుగును. దానిని సరిచేయుటకు తయారీదారులు కొద్దిపాటి నీలి పిగ్మెంటును చేర్చుదురు. కొందరు ఛాయాచిత్రకారులు పాతచిత్రముల వెచ్చదనమును కోరి ఆ గోధుమవన్నెనే ఇష్టపడుదురు. అది అభిరుచికి సంబంధించిన విషయము.

డై సిరాకును కొన్ని మంచిగుణములు కలవు. మెరుపుకాగితముపై అది ఎక్కువ నిగారింపు నిచ్చును, వెల తక్కువ, ప్రింటరు రంధ్రములు పూడుకొనుట తక్కువ. గోడపత్రికకు, ఒక సంవత్సరపు ప్రదర్శనకు అది చాలును. ఇంటిలోనో పాఠశాలలోనో తరతరములు నిలువవలసిన చిత్రమునకు పిగ్మెంటు సిరాయే వాడవలెను.

కాగితము సంగతి

సిరాకు ఎంత ప్రాముఖ్యము కలదో కాగితమునకును అంత కలదు. సాధారణమైన వ్రాతకాగితముపై సిరాబిందువు నారల వెంట ప్రాకి వెడల్పగును. నలుపు లోనికి ఇంకి బూడిదబారును. ఛాయాచిత్రపు కాగితముపై సిలికా వంటి పదార్థపు సూక్ష్మరంధ్రముల పూత ఉండును. అది బిందువును పడినచోటనే పట్టి ఉంచును.

నలుపు చిక్కదనమును సాంద్రతతో కొలుతురు. పడిన వెలుగును ప్రతిఫలించిన వెలుగుతో భాగించి, ఆ లబ్ధమునకు 10 ఆధారముగా సంవర్గమానము తీసినచో సాంద్రత వచ్చును. మెరుపులేని కాగితముపై గట్టి నలుపు సాంద్రత సుమారు 1.6. అనగా పడిన వెలుగులో 2.5 శాతము తిరిగి వచ్చుచున్నదన్నమాట. మంచి మెరుపుకాగితముపై అది 2.3 వరకు పోవచ్చును. అప్పుడు తిరిగివచ్చునది 0.5 శాతమే. ఈ తేడా అయిదురెట్లు. రాతి నీడల లోతును చూపదలచినచో మెరుపుకాగితము, వృద్ధుల ముఖచిత్రముల వంటి మృదువైన విషయమునకు మెరుపులేని కాగితము నప్పును. అద్దపు పటములో బిగించినప్పుడు అద్దపు తళుకువలన ఈ తేడా చాలవరకు మరుగుపడును.

ఒక జాగ్రత్త అవసరము. మెరుపుకాగితమునకు ఫోటో బ్లాక్ అను నలుపును, మెరుపులేని దానికి మ్యాట్ బ్లాక్ అను నలుపును వాడవలెను. ప్రింటరు మెనూలో కాగితపు రకమును సరిగ పేర్కొననిచో నలుపు మసకబారును, లేదా చేతికి అంటుకొనును. మిక్కిలి తెల్లగా మెరయు కాగితములలో అతినీలలోహిత కిరణములను గ్రహించి నీలివెలుగును వెలువరించు రసాయనములు కలుపుదురు. కొన్ని సంవత్సరములకు వాటి శక్తి తగ్గి కాగితము పసుపువన్నె తిరుగును. దీర్ఘకాలము నిలువవలసిన చిత్రమునకు ఇట్టి రసాయనములు లేని, ఆమ్లరహితమైన కాగితమును, వీలైనచో నూలునారతో చేసినదానిని ఎన్నుకొనవలెను.

ఏ తరగతి యంత్రము ఎవరికి?

అంగడిలో లభించు యంత్రములను మన పనినిబట్టి మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటి తరగతి నాలుగు లేక ఆరు రంగుల డై సిరాతో, సీసాలనుండి నింపుకొను ట్యాంకుతో పనిచేయు యంత్రములు. ఎప్సన్ ఎల్8050 ఇట్టిది. ఇందు నలుపు, నీలము, గులాబి, పసుపులతో పాటు లేతనీలము, లేతగులాబి సిరాలు కలవు గాని బూడిద సిరా లేదు. రంగుల చిత్రములను చక్కగ ఇచ్చును. నలుపు తెలుపులలో వన్నె తిరుగుడు తప్పదు.

రెండవ తరగతిలో ట్యాంకుతో పాటు ఒక బూడిద సిరాయు ఉండును. కానన్ పిక్స్మా జి570లో నలుపు, నీలము, గులాబి, పసుపు, ఎరుపు, బూడిద సిరాలు గలవు. ఇదియు డై సిరాయే. చిత్రపు వన్నె మెరుగుపడును గాని ఆయువు డై సిరా ఆయువే. పరిమితమైన నిధులతో విద్యార్థులకు ముద్రణ నేర్పదలచిన పాఠశాలకు ఇది చాలును.

మూడవ తరగతి పిగ్మెంటు సిరాలతో పనిచేయు ఛాయాచిత్రకారుల యంత్రములు. 2020లో వచ్చిన ఎప్సన్ ష్యూర్‌కలర్ పి700, పి900లలో ఫోటో నలుపు, మ్యాట్ నలుపు, బూడిద, లేతబూడిద కలిసి నలుపు కుటుంబపు సిరాలే నాలుగు. అదే సంవత్సరము వచ్చిన కానన్ ప్రో-300లో రెండు నలుపులు, ఒక బూడిద కలవు. ఇట్టి యంత్రములలో నలుపు తెలుపు చిత్రములకు ప్రత్యేకమైన ముద్రణవిధానము కూడ ఉండును. దానిని ఎన్నుకొన్నచో యంత్రము బూడిద సిరాలనే ప్రధానముగా వాడి, రంగుసిరాలను వన్నె దిద్దుటకు మాత్రమే రవంత వాడును.

ఒకే సంస్థ ఒకే సంవత్సరము విడుదల చేసిన రెండు యంత్రములు పోలికలో కవలలవలె ఉండి, ఒకటి డై, రెండవది పిగ్మెంటు సిరాలతో పనిచేయుట కలదు. కావున పెట్టెమీది బొమ్మను, రంగుల సంఖ్యను చూచి మోసపోరాదు. సిరాల జాబితాను అడిగి, అందు బూడిద సిరాలెన్ని, అవి కరగునవా కరగనివా అని విచారింపవలెను.

వెల విషయమున యంత్రపు ధర కంటె సిరా ధరయే ముఖ్యము. లెక్క సులువు కొరకు ఇట్లు ఊహించుకొందము. 14 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జి 1400 రూపాయలు, 70 మిల్లీలీటర్ల సీసా 700 రూపాయలు అయినచో, మొదటిదానిలో మిల్లీలీటరు 100 రూపాయలు, రెండవదానిలో 10 రూపాయలు పడును. ఎ4 పరిమాణపు చిత్రమునకు సుమారు ఒక మిల్లీలీటరు సిరా పట్టును. దీనికి కాగితపు వెలను, రంధ్రములను శుభ్రపరచుటకు వ్యయమగు సిరాను కలుపవలెను. సంవత్సరమునకు పది చిత్రములు మాత్రమే కావలసినవారు సొంత యంత్రమును కొనుట దండుగ. మంచి పిగ్మెంటు ప్రింటరు గల స్టూడియోను వెదకి, సిరా, కాగితము వివరములడిగి అచ్చొత్తించుకొనుట మేలు. నాలుగైదు పాఠశాలలు కలిసి ఒకే యంత్రమును వాడుకొనుటయు మంచిదే.

చౌకగ దొరకు ఇతర సంస్థల సిరాలను గూర్చి ఒక మాట. అవన్నియు చెడ్డవి కావు. కాని సీసామీద పిగ్మెంటు అని వ్రాసినంతమాత్రమున అది కర్బనపు సిరా యని నమ్మరాదు. క్రింద చెప్పబోవు పరీక్షలు చేసిన తరువాతనే వాడవలెను. డై సిరాకు ఏర్పడిన యంత్రములో పిగ్మెంటు సిరాను పోసినచో రంధ్రములు పూడుకొనవచ్చును, వన్నెలును లెక్క తప్పును.

యంత్రమును వాడునప్పుడు వారమున కొక్కసారియైన ఒక చిత్రమును తీయుచుండవలెను. లేనిచో రంధ్రముల మొనల సిరా ఎండును. పని ముగిసిన పిదప గోడ స్విచ్చి కట్టివేయక, ముందుగ ప్రింటరు మీది బొత్తామును నొక్కవలెను. అప్పుడు యంత్రము సిరాచిమ్ము భాగమును మూతలోనికి చేర్చి ఆరకుండ కాపాడును. నడుమ కరెంటు పోయినచో ఆ మూత పడదు. కావున యు.పి.ఎస్. ఉండుట మంచిది.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఈ విషయములను చెప్పి నమ్మించుట కంటె చేసి చూపుట మేలు. ఈ పరీక్షలకు ఖరీదైన పరికరములు అక్కరలేదు.

1. వడపోతకాగితపు పట్టీ అడుగుభాగమున ఒక సిరాచుక్కను పెట్టి బాగుగ ఆరనీయుడు. చుక్క మునుగకుండ పట్టీ కొనను నీటిలో నిలుపుడు. డై సిరా నీటితో పాటు పైకి ప్రాకును. కొన్నిటిలో నీలి, ఎరుపు పట్టీలుగా విడివడును. పిగ్మెంటు సిరా చాలవరకు పెట్టినచోటనే నిలుచును.

2. తెలుపునుండి నలుపు వరకు పది మెట్లు గల బూడిదపట్టీని కంప్యూటరుపై గీచి అచ్చొత్తుడు. ఎండలో, ట్యూబులైటు క్రింద, ఎల్ఇడి దీపము క్రింద వరుసగ చూడుడు. ఏ మెట్టు ఏ వన్నె తిరిగినదో, ఏ రెండు మెట్లు కలిసిపోయినవో వ్రాసికొనుడు. కొనబోవు యంత్రముపై దుకాణములోనే ఈ పట్టీని తీయించి చూచుట కొనుగోలుదారుకు అన్నిటికంటె మంచి రక్షణ.

3. ఆ పట్టీని పదిరెట్లు పెద్దదిగ చూపు భూతద్దముతో పరీక్షింపుడు. బూడిదరంగులో నీలి, గులాబి, పసుపు చుక్కలు కనిపించినచో యంత్రము మిశ్రమముతో పని జరుపుచున్నదని గ్రహింపవచ్చును.

4. ఒకే చిత్రమును మూడు ప్రతులు తీయుడు. ఒకదానిని సగము నల్ల అట్టతో కప్పి ఎండ వచ్చు కిటికీలో ఉంచుడు. రెండవదానిని చీకటిలో గాలి తగులునట్లు వ్రేలాడదీయుడు. మూడవదానిని సంచిలో మూసి బీరువాలో ఉంచుడు. మూడు మాసములకు పోల్చి చూచినచో వెలుగు చేసిన హాని ఎంతయో, గాలి చేసిన హాని ఎంతయో వేర్వేరుగ తెలియును.

చిత్రముల ఆయువును కట్టు పరిశోధనాలయములు చేయునది ఈ నాలుగవ పరీక్షనే, మరింత తీవ్రమైన వెలుగుతో. అమెరికాలోని విల్‌హెల్మ్ పరిశోధనాలయము రోజునకు 12 గంటలు 450 లక్సుల వెలుగు సోకునని ఊహించి, తీవ్రమైన వెలుగులో వచ్చిన ఫలితమును ఆ లెక్కకు మార్చి సంవత్సరములలో చెప్పును. కావున ప్రకటనలలో కనిపించు సంవత్సరముల సంఖ్య అంచనాయే గాని కండ్లార చూచిన అనుభవము కాదు. మన కిటికీలోని ఎండ 450 లక్సులకు ఎన్నోరెట్లు మించును.

మన తీరపు తేమ

మంచి సిరాతో ముద్రించిన చిత్రమైనను భద్రపరచుట తెలియనిచో నిలువదు. చిత్రములకు 30 నుండి 50 శాతము వరకు గాలితేమ హితకరము. విశాఖ, అనకాపల్లి తీరప్రాంతమున అది తరచుగ 70 శాతమునకు పైబడియే యుండును. ఈ తేమలో డై సిరా మెల్లగ ప్రాకి అంచులు మసకబారును. మెరుపుకాగితపు పూత అద్దమునకు అతుకుకొనును. కావున చిత్రమునకును అద్దమునకును నడుమ అట్టచట్రముతో కొంత ఖాళీ ఉంచవలెను. వానకాలమున నెమ్ము ఎక్కు గోడపై పటమును తగిలింపరాదు. ఆల్బములకు పి.వి.సి. సంచులను విడిచి పాలిప్రొపిలీను సంచులను వాడవలెను. సిలికాజెల్ పొట్లములు వేసిన మూతగట్టి డబ్బా పాఠశాలలకు చాలును.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము దగ్గర తీరము దాటినది. తుఫానులు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు, ఇకను రాకమానవు. ఇంటిలోనికి నీరు వచ్చినప్పుడు డై సిరాతో తీసిన చిత్రము కొద్దిసేపటిలోనే కరగి పోవచ్చును. పిగ్మెంటు సిరాతో తీసినది తడిసినను, వెంటనే విడదీసి నీడన ఆరబెట్టినచో చాలవరకు దక్కును. కంప్యూటరులోను, ఫోనులోను చిత్రపుప్రతి ఉన్నదిగదా యని ధీమాతో ఉండుట తగదు. ఫోను పాడగును, దానిని మార్చుదుము, సంకేతపదము మరచుదుము. చేతికందు చిత్రమును చూచుటకు యంత్రము అక్కరలేదు.

మనము చేయదగిన పని

ప్రతి గ్రామమునందును పాతచిత్రములు అటకలమీద శిథిలమగుచున్నవి. వాటిని స్కాను చేసి, పిగ్మెంటు సిరాతో మంచి కాగితముపై ముద్రించి, వెనుకవైపు మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాసియుంచుట విద్యార్థులు చేయదగిన చరిత్రసేవ. ఒక్క తరగతి ఒక్క సంవత్సరమున ఇరువది చిత్రములను కాపాడినను అది చిన్న పని కాదు. చిత్రములోని వృద్ధుల పేర్లు తెలిసినవారు నేడు ఉన్నారు, రేపు ఉండకపోవచ్చును.

ఎన్నిక క్రమమును మరల చెప్పుకొందము. చిత్రము ఎంతకాలము నిలువవలెనో ముందుగ నిర్ణయించుకొనుడు. దానినిబట్టి సిరా జాతిని, సిరానుబట్టి కాగితమును ఎన్నుకొనుడు. బూడిద సిరాలు ఎన్ని కలవో చూచి, ఆ తరువాతనే యంత్రమును గూర్చి ఆలోచింపుడు. సాధారణముగ జనులు యంత్రముతో మొదలుపెట్టి సిరా దగ్గర ముగించుచున్నారు. ఆ వరుసను తారుమారు చేసినచో ధనమును మిగులును, చిత్రమును నిలుచును.